అంకెల గడులు – మనసుకు ఆటవిడుపు

ఉదయం దినపత్రిక రాగానే మీలో కొందరు ముందుగా తిప్పేది వార్తల పేజీ కాదు, సుడోకు ఉన్న పేజీ. కళ్ళజోడు సవరించుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే కాఫీ చల్లారిన సంగతి కూడా తెలియదు. ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. “ఆ గడులు నింపితే ఏమొస్తుంది?” అని అడుగుతారు. ఇంకొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, “రోజూ సుడోకు చేస్తే మతిమరుపు రాదట” అని తల్లిదండ్రులకు పుస్తకాలు కొని తెచ్చి ఇస్తారు.

ఈ రెండు మాటల్లో ఏది నిజం? అంకెల పజిల్స్ అంత మందిని ఎందుకు ఆకట్టుకుంటాయి? అవి ఆరోగ్యానికి చేసే మేలు ఎంత, చేయలేనిది ఏమిటి? ఈ విషయాలను వివరంగా తెలుసుకుందాం.

సుడోకు అంటే ఏమిటి?

తొమ్మిది అడ్డు వరుసలు, తొమ్మిది నిలువు వరుసలు కలిపి 81 గడులు ఉంటాయి. ఆ 81 గడులనూ మూడేసి గడుల పొడవు, వెడల్పు ఉన్న తొమ్మిది చదరాలుగా విభజిస్తారు. కొన్ని గడులలో అంకెలు ముందే వేసి ఉంటాయి. మిగిలిన ఖాళీ గడులను మీరు నింపాలి. ఉన్న నియమం ఒక్కటే: ప్రతి అడ్డు వరుసలో, ప్రతి నిలువు వరుసలో, ప్రతి చదరంలో 1 నుండి 9 వరకు అంకెలు ఒక్కొక్కసారి మాత్రమే రావాలి.

“మాకు లెక్కలు రావండీ” అని చాలామంది దీని జోలికి వెళ్ళరు. కాని సుడోకులో కూడికలు, తీసివేతలు ఏమీ లేవు. అంకెలకు బదులు అ, ఆ, ఇ, ఈ అని తొమ్మిది అక్షరాలు వేసినా ఆట అదే. ఇక్కడ కావలసింది ఓపిక, పరిశీలన. “ఇది ఇక్కడ కుదరదు, కాబట్టి అక్కడ ఉండాలి” అనే ఆలోచన ఉంటే చాలు. కూడికలంటే ఇష్టం ఉన్నవారికి కకురో, కెన్‌కెన్ వంటి పజిల్స్ వేరే ఉన్నాయి. కెన్‌కెన్‌ను 2004లో తెత్సుయా మియమోతో అనే జపాన్ లెక్కల ఉపాధ్యాయుడు తన విద్యార్థుల కోసం తయారు చేశారు.

ఇది ఎక్కడిది?

పేరు విని సుడోకు జపాన్‌లో పుట్టిందని అనుకుంటాం. నిజానికి ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో ఇది మొదట అచ్చయింది అమెరికాలో. 1979లో డెల్ సంస్థ వారి పజిల్ పత్రికలో “నంబర్ ప్లేస్” అనే పేరుతో వచ్చింది. దానిని తయారు చేసినవారు హోవర్డ్ గార్న్స్ అనే భవన శిల్పి అని తరువాత పరిశీలకులు గుర్తించారు. అప్పటికి ఆయన వయస్సు 74 సంవత్సరాలు. ఉద్యోగ విరమణ తరువాత, ఆ వయస్సులో, కోట్లమంది ఆడుకునే ఆటను ఆయన కల్పించారన్నది మనం గమనించదగ్గ విషయం. అది ప్రపంచమంతా వ్యాపించకముందే 1989లో ఆయన మరణించారు.

1984లో జపాన్‌లోని నికోలి అనే పజిల్ ప్రచురణ సంస్థ దీనిని తమ పాఠకులకు పరిచయం చేసింది. ఆ సంస్థ స్థాపకులలో ఒకరైన మాకి కాజి దీనికి జపాన్ భాషలో “అంకెలు ఒంటరిగానే ఉండాలి” అనే అర్థం వచ్చే పొడవాటి పేరు పెట్టారు. అక్కడ ఒంటరి అంటే పెళ్ళికానివారు అని కూడా అర్థం. ఆ పొడవాటి పేరును కుదిస్తే “సుడోకు” అయింది. మాకి కాజి 2021లో కన్నుమూశారు.

హాంకాంగ్‌లో న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన వేన్ గౌల్డ్ అనే న్యూజీలాండ్ దేశస్థుడు 1997లో టోక్యోలోని ఒక పుస్తకాల షాపులో దీనిని చూశారు. పజిల్స్ తయారు చేసే కంప్యూటర్ ప్రోగ్రాము కోసం సుమారు ఆరేళ్ళు కష్టపడ్డారు. 2004 నవంబరు 12న లండన్‌లోని టైమ్స్ పత్రికలో ఆయన సుడోకు మొదటిసారి వచ్చింది. ఆ తరువాత కొద్దికాలంలోనే అన్ని దేశాల పత్రికలకూ పాకింది. మన తెలుగు పత్రికలలోకీ వచ్చింది. 2006లో ఇటలీలోని లుక్కా నగరంలో మొదటి ప్రపంచ సుడోకు పోటీలు జరిగాయి. 2017లో ఆ పోటీలకు మన బెంగుళూరు వేదిక అయింది.

ఒకసారి మీరే చేసి చూడండి

ఈ పజిల్ రుచి చదివితే తెలియదు, చేస్తేనే తెలుస్తుంది. అందుకే ఒక చిన్న పజిల్ ఇస్తున్నాం. ఇందులో నాలుగు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలు మాత్రమే ఉన్నాయి. ప్రతి వరుసలోనూ 1, 2, 3, 4 ఒక్కొక్కసారే రావాలి. మూలకొక చదరం చొప్పున నాలుగు గడుల చదరాలు నాలుగు ఉంటాయి. వాటిలో కూడా అంతే. గీత ఉన్న చోట ఖాళీ గడి అని తెలుసుకోండి.

మొదటి వరుస: 1 – – 4
రెండవ వరుస: – – 1 –
మూడవ వరుస: – 1 – 3
నాలుగవ వరుస: 4 – 2 –

మొదటి అడ్డు వరుస చూడండి. 1, 4 ఉన్నాయి. కావలసినవి 2, 3. వీటిలో ఏది ఎక్కడ? ఇప్పుడు మూడవ నిలువు వరుసను పైనుంచి కిందికి చూడండి. అడుగున 2 ఇప్పటికే ఉంది. కాబట్టి మొదటి అడ్డు వరుసలోని మూడవ గడిలో 2 రాకూడదు, అక్కడ 3 రావాలి. మిగిలిన రెండవ గడిలో 2. మొదటి వరుస పూర్తయింది.

ఇప్పుడు కుడివైపు పై చదరం చూడండి. 3, 4, 1 వచ్చేశాయి. మిగిలిన గడిలో 2. అది వేయగానే చివరి నిలువు వరుసలో 4, 2, 3 అయ్యాయి. అడుగు గడిలో 1 తప్ప వేరే అంకెకు చోటు లేదు.

ఇంకా అయిదు గడులు మిగిలాయి. వాటిని మీరే నింపండి. జవాబు ఈ వ్యాసం చివర ఉంది, ముందే చూడవద్దు!

ఎందుకు ఇంత ఆకర్షణ?

పై పజిల్ చేస్తున్నప్పుడు మీ మనసులో ఏమి జరిగిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. దాని ఆకర్షణ అంతా అందులోనే ఉంది.

*మొదటిది – కావలసినదంతా కళ్ళ ఎదుటే ఉంది.* గళ్ళ నుడికట్టు నింపాలంటే భాష మీద పట్టు ఉండాలి, సినిమాల పేర్లు, ఊళ్ళ పేర్లు తెలిసి ఉండాలి. సుడోకుకు బయటి జ్ఞానం ఏదీ అక్కరలేదు. పెద్ద చదువులు చదివినవారికీ, అయిదవ తరగతితో ఆపేసినవారికీ ఆ గడులు ఒక్కటే. పదవీ, హోదా పనికిరావు.

*రెండవది – దీనికి కచ్చితమైన జవాబు ఉంది.* జీవితంలో చాలా ప్రశ్నలకు జవాబు వెంటనే దొరకదు. పిల్లవాడి ఉద్యోగం, అమ్మాయి సంబంధం, డాక్టరుగారు రాసిన పరీక్షల రిపోర్టు, ఇవన్నీ మన చేతిలో లేనివి. సరిగ్గా తయారు చేసిన సుడోకుకు ఒకే ఒక్క జవాబు ఉంటుంది. ఓపికగా వెతికితే అది మీకే దొరుకుతుంది. పెద్ద విషయాలు అటో ఇటో అని ఉన్నప్పుడు, ఒక చిన్న విషయం పూర్తిగా తేలిపోవడం మనసుకు ఎంతో ఊరట.

*మూడవది – ఒక్కో అడుగు మరో అడుగుకు దారి చూపుతుంది.* ఒక అంకె పడగానే పక్క గడి తేలుతుంది. అది తేలగానే కింది చదరం తెరుచుకుంటుంది. చాలాసేపు కదలని పజిల్ ఒక్కసారిగా జలజలా పూర్తయినప్పుడు కలిగే ఆనందం అనుభవించినవారికే తెలుసు. పొడుపు కథ విప్పిన పిల్లల ముఖంలో కనబడేదీ ఆ ఆనందమే. పులి–మేక ఆటలో దారి దొరికినప్పుడు మన పెద్దలు తొడ చరిచి నవ్వినదీ అందుకే.

*నాలుగవది – మనసు ఒకచోట నిలుస్తుంది.* మెదడు ఒకేసారి గుర్తుంచుకోగలిగినవి చాలా కొద్ది విషయాలే. “ఈ వరుసలో 5, 7 కావాలి, ఆ నిలువు వరుసలో 7 ఉంది” అని పట్టుకుని ఉన్నంతసేపు చింతలకు అక్కడ చోటు తక్కువ. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలా పనిలో లీనమైపోయే స్థితి గురించి ఎన్నో ఏళ్ళు పరిశోధించి 1990లో ఒక ప్రసిద్ధ గ్రంథం రాశారు. పని మరీ తేలికైతే విసుగు పుడుతుంది, మరీ కష్టమైతే ఆందోళన కలుగుతుంది. మన శక్తికి సరిపడినంత కష్టం ఉన్నప్పుడే మనసు అందులో లీనమవుతుందని ఆయన వివరించారు. సుడోకులో తేలికవి, మధ్యరకం, కఠినమైనవి ఉంటాయి కనుక ఎవరికి తగినది వారు ఎంచుకోవచ్చు.

*అయిదవది – ఇది ఎన్నటికీ తరగదు.* తొమ్మిది వరుసల సుడోకును పూర్తిగా నింపగలిగే విధానాలు ఎన్ని ఉన్నాయో 2005లో ఇద్దరు గణిత పరిశోధకులు లెక్క కట్టారు. అది 22 అంకెలు గల సంఖ్య! పజిల్‌కు ఒకే జవాబు రావాలంటే కనీసం 17 అంకెలు ముందుగా ఇవ్వాలని, 16 ఇస్తే చాలదని 2012లో డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలోని పరిశోధకులు కంప్యూటర్ల సహాయంతో తేల్చారు.

వీటన్నిటికీ తోడు ఖర్చు చాలా తక్కువ. ఒక పెన్సిలు, ఒక రబ్బరు, పాత పేపరు చాలు. ఆసుపత్రి వరండాలో రోగికి తోడుగా కూర్చున్నవారికి, డయాలిసిస్ మంచం మీద గంటల తరబడి గడపవలసినవారికి, కాలు విరిగి కట్టుతో పడుకున్నవారికి కాలం ఎంత బరువుగా నడుస్తుందో తెలుసు. చేతిలో ఒక పజిల్ ఉంటే ఆ బరువు కొంత తగ్గుతుంది. “నేను ఇంకా ఒక పని పూర్తి చేయగలను” అనే ధైర్యం కూడా మిగులుతుంది.

మతిమరుపు రాకుండా ఆపుతుందా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. సూటిగా చెప్పాలంటే, ఆపుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. పరిశోధనలు చెప్పిన మాటలను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి.

2019లో బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 50 ఏళ్ళు దాటిన 19,000 మందికి పైగా వ్యక్తులను పరిశీలించారు. అంకెల పజిల్స్ తరచుగా చేసేవారు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, తర్కం పరీక్షలలో మెరుగ్గా ఉన్నట్లు కనుగొన్నారు. వినడానికి బాగుంది. కాని పజిల్స్ చేయడం వల్ల మెదడు చురుకైందా, లేక మెదడు చురుకుగా ఉన్నవారే పజిల్స్‌ను ఇష్టపడుతున్నారా? ఈ పరిశీలన ఆ సంగతి తేల్చలేదు.

2018లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ పరిశోధకులు 1936లో పుట్టిన 498 మంది వివరాలను ప్రచురించారు. వీరందరికీ 11 ఏళ్ళ వయస్సులో తెలివితేటల పరీక్ష జరిగింది. మళ్ళీ పెద్ద వయస్సులో ఏళ్ళ తరబడి పరీక్షించారు. జీవితమంతా మెదడుకు పని చెప్పే అలవాట్లు ఉన్నవారి సామర్థ్యం ఎక్కువ స్థాయిలో ఉంది. కాని వయస్సుతో అది తగ్గే వేగంలో తేడా కనబడలేదు. కొండ దిగడం అందరికీ తప్పలేదు, వీరు కొంచెం ఎత్తు నుంచి దిగడం మొదలుపెట్టారు. ఆ ఎత్తు కూడా విలువైనదే.

అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 2,832 మందితో చేసి 2002లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనం ఇంకొక సంగతి చెప్పింది. జ్ఞాపకశక్తిలో శిక్షణ పొందినవారు జ్ఞాపకశక్తిలో, తర్కంలో శిక్షణ పొందినవారు తర్కంలో మెరుగయ్యారు. ఒకదాని లాభం రెండవదానికి పాకలేదు. అంటే సుడోకు చేస్తే ముందుగా బాగుపడేది సుడోకు చేసే నేర్పు. తాళంచెవులు ఎక్కడ పెట్టామో దాని వల్ల గుర్తుకు వస్తుందని ఆశించకూడదు.

మరి డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ముప్పును తగ్గించేవి ఏమిటి? లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాలను పేర్కొంది. తక్కువ చదువు, వినికిడి లోపం, సరిచేయని చూపు లోపం, అధిక రక్తపోటు, షుగరు, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, పొగ తాగడం, మద్యం ఎక్కువగా తాగడం, శరీర శ్రమ లేకపోవడం, దిగులు జబ్బు, ఒంటరితనం, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం. వీటన్నిటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని వారి అంచనా.

ఈ పట్టికను మరొకసారి చదవండి. మీ నాన్నగారికి సుడోకు పుస్తకం కొని ఇవ్వడం మంచిదే. అయితే ఆయన బీపీ మాత్ర వేసుకుంటున్నారా? చెవులు సరిగా వినబడుతున్నాయా? కళ్ళలో శుక్లాలు పరీక్ష చేయించారా? రోజూ ఆయనతో కూర్చుని మాట్లాడేవారు ఎవరైనా ఉన్నారా? పుస్తకం ఇచ్చి మాట్లాడటం మానేస్తే, ఒక చేత్తో ఇచ్చింది రెండవ చేత్తో తీసుకున్నట్లే.

అలవాటు చేసుకునేవారికి సూచనలు

1. తేలికవాటితో మొదలుపెట్టండి. పిల్లలకు, పెద్ద వయస్సువారికి నాలుగు లేదా ఆరు వరుసల పజిల్స్ మంచివి.

2. ఊహించి అంకెలు వేయకండి. “ఇక్కడ ఇదే ఎందుకు రావాలి?” అన్న కారణం దొరికిన తరువాతే వేయండి. అసలు ఆనందం ఆ కారణం వెతకడంలోనే ఉంది.

3. మంచి వెలుతురులో కూర్చోండి. సన్నని అంకెలు కనబడక కళ్ళు చికిలిస్తుంటే కంటి పరీక్ష చేయించుకోండి. నలభై దాటినవారికి దగ్గరి చూపు తగ్గడం సహజం. మధ్యమధ్య తలెత్తి దూరంగా ఉన్న చెట్టునో, ఇంటినో చూడండి.

4. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. నడకకు బదులుగా పజిల్ చేయవద్దు. నడిచి వచ్చాక చేయండి.

5. పడుకునే ముందు సెల్‌ఫోనులో ఆడే అలవాటు మానుకోండి. “ఇది ఒక్కటి పూర్తి చేసి పడుకుంటా” అంటూ నిద్ర పోగొట్టుకుంటే లాభం కంటే నష్టమే ఎక్కువ. కాగితం మీద, పగటిపూట చేయడం మేలు.

6. గడియారం పెట్టుకుని పోటీపడటం కొందరికి ఉత్సాహం, కొందరికి ఒత్తిడి. పూర్తి కాకపోతే పక్కన పెట్టండి. సాయంత్రం తాజా కళ్ళతో చూస్తే దారి దొరకవచ్చు.

7. వీలైతే ఇద్దరు కలిసి చేయండి. తాతయ్య అడ్డు వరుసలు, మనవరాలు నిలువు వరుసలు చూస్తే పజిల్‌తో పాటు కబుర్లు కూడా సాగుతాయి.

8. ఇష్టం లేనివారిని బలవంతపెట్టవద్దు. భజన పాటలు, ముగ్గులు, అల్లికలు, చదరంగం, తోటపని, పుస్తక పఠనం, ఏదైనా సరే. మనసు లీనమయ్యేది ఎవరికి వారే ఎంచుకోవాలి.

ఎప్పుడు డాక్టరును చూడాలి?

రోజూ చేసేవారికి ఈ అలవాటు వల్ల ఇంకొక ఉపయోగం ఉంది. తమలో వచ్చే మార్పును తాము గానీ, ఇంట్లోవాళ్ళు గానీ గమనించే అవకాశం దొరుకుతుంది. ఒకరోజు పజిల్ కుదరకపోతే భయపడనక్కరలేదు. నిద్ర లేకపోయినా, జ్వరం వచ్చినా, మనసు బాగా లేకపోయినా అలా జరుగుతుంది. కాని ఏళ్ళ తరబడి తేలికగా చేసినవారు కొన్ని నెలలుగా నియమాలే మరచిపోతుంటే, తెలిసిన దారిలో తప్పిపోతుంటే, డబ్బు లెక్కలు తారుమారవుతుంటే, అడిగిందే మళ్ళీమళ్ళీ అడుగుతుంటే “వయస్సు మీద పడింది” అని వదిలేయవద్దు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, దిగులు జబ్బు, కొన్ని మందుల ప్రభావం వల్ల వచ్చే మతిమరుపు చికిత్సతో బాగుపడవచ్చు. పరీక్ష చేయిస్తేనే అది తెలుస్తుంది.

మార్పు హఠాత్తుగా వస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, పెన్సిలు చేతిలోంచి జారిపోవడం పక్షవాతం లక్షణాలు కావచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి. మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. ఎంత త్వరగా వస్తే అంత మెదడును కాపాడవచ్చు.

డిమెన్షియా ఇప్పటికే ఉన్నవారికి పజిల్‌ను పరీక్షలాగా పెట్టవద్దు. “నిన్న చేశావుగా, ఇవాళ ఎందుకు రాదు?” అనే మాట వారిని ఎంతో బాధిస్తుంది. వారు చేయగలిగిన తేలిక పనిని పక్కన కూర్చుని కలిసి చేయండి.

గుర్తుంచుకోవలసినవి

సుడోకు మందు కాదు, కాలక్షేపం. కాని మంచి కాలక్షేపం. కాసేపు మనసును ఒకచోట నిలుపుతుంది, ఒక పని పూర్తి చేసిన తృప్తినిస్తుంది. రక్తపోటు, షుగరు అదుపులో ఉంచుకోవడం, నడక, నిద్ర, నలుగురితో కలిసి ఉండటం, వీటికి తోడుగా దానిని ఉంచుకోండి. ఎవరైనా “ఆ గడులు నింపితే ఏమొస్తుంది?” అని అడిగితే, “ఇష్టంగా గడిపిన అరగంట వస్తుంది” అని నిస్సంకోచంగా చెప్పండి. ఆ తరువాత పెన్సిలు వారి చేతికిచ్చి, “ఇదిగో, ఈ వరుస నువ్వు చూడు” అనండి.

*పజిల్ జవాబు:* మొదటి వరుస 1 2 3 4. రెండవ వరుస 3 4 1 2. మూడవ వరుస 2 1 4 3. నాలుగవ వరుస 4 3 2 1.